పెట్రోలు కలుపు యంత్రము: చేలో దింపుటకు ముందు చేయవలసిన పనులు

కోకాపేట, నార్సింగి, మంచిరేవుల, గండిపేట గ్రామములు హైదరాబాదుకు పడమటి దిక్కున ఉన్న పాత సేద్యపు గ్రామములు. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ వెలసిన తరువాత నగరము ఈ దిక్కుగా జరుగుచు వచ్చినది. 2023 ఆగస్టులో కోకాపేటలోని నియోపోలిస్ వేలములో ఒక ఎకరము నూరు కోట్ల రూపాయలకు పైగా ధర పలికినది. నేడు నగరమునకు కూరగాయలు, ఆకుకూరలు, పూలు పంపు రైతులలో పలువురు మరికొంత పడమటనున్న శంకర్‌పల్లి, మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములలో సేద్యము చేయుచున్నారు. భవనముల పనిలో ఏడాది పొడవునా కూలి దొరకుచుండగా, వానాకాలములో నాలుగు వారములు మాత్రమే ఉండు కలుపు పనికి మనుషులు దొరకుట కష్టమైనది. కలుపు మాత్రము మనిషి దొరకు వరకు ఆగదు. కూరగాయ పైరులలో నాటిన తరువాత మొదటి 40 దినములు కలుపు పెరుగనిచ్చినచో, ఆ తరువాత ఎంత తీసినను పోయిన దిగుబడి తిరిగి రాదు.

ఈ కారణముచే పెట్రోలుతో నడచు చిన్న కలుపు యంత్రములు, అనగా పవర్ వీడర్లు, చిన్న రైతుల ఇండ్లకు కూడ చేరినవి. ఇవి మంచి యంత్రములే. అయినను, ఒకటి రెండు సీజనులకే మూలబడిన యంత్రములు అనేకము కనబడుచున్నవి. చేలో పని ఎక్కువై చెడినవి వానిలో తక్కువ. నూనె పోయక తిప్పుటచేత, పాత పెట్రోలు నిలువ ఉంచుటచేత, కత్తులు తలక్రిందులుగా బిగించుటచేత చెడినవే ఎక్కువ. యంత్రము పని చేయునది చేలో; పాడగునది కొట్టములో. ఎద్దు అలసినచో నిలబడిపోవును, నాడా ఊడినచో కుంటును. ఆ విధముగా తన బాధను తెలుపు గుణము ఇంజనుకు లేదు. కావున చేలో దింపుటకు ముందు అరగంట వెచ్చించి సరిచూచుట రైతు పనియే.

దిగువ చెప్పిన పనులను అదే వరుసలో చేయుడు. మీ యంత్రముతో ఇచ్చిన పుస్తకములోని కొలతలు వేరుగా ఉన్నచో పుస్తకమునే అనుసరింపుడు. ఈ పనులు చేయునంతసేపు ఇంజను ఆగి, చల్లారి ఉండవలెను. ప్లగ్గు టోపీ, అనగా ప్లగ్గునకు కరెంటు తెచ్చు తీగ కొన, ఊడదీసి ప్రక్కకు పెట్టవలెను. టోపీ ఊడి ఉన్న ఇంజను పొరపాటున కూడ రాజుకొనదు.

1. మీది ఏ జాతి ఇంజను?

మొదట తెలిసికొనవలసినది ఇది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో నూనె వేరుగా ఇంజను అడుగుభాగమున ఉండును. ట్యాంకులో పోయవలసినది పెట్రోలు మాత్రమే. రెండు స్ట్రోకుల ఇంజనులో నూనెకు వేరు చోటు లేదు. పెట్రోలులోనే 2టి నూనె కలిపి పోయవలెను. నడుము ఎత్తు పిడులతో వెనుక నడచుచు తోలు కలుపు యంత్రములు సాధారణముగా నాలుగు స్ట్రోకులవి. భుజమునకు తగిలించుకొను గడ్డికోత యంత్రములలోను, చిన్నరకము కలుపు యంత్రములలోను రెండు స్ట్రోకులవి చాల కలవు.

రెండు స్ట్రోకుల ఇంజనుకు వట్టి పెట్రోలు పోసి నడిపినచో కొద్ది నిమిషములలోనే పిస్టను పట్టివేయును. కలుపవలసిన పాళ్లు పుస్తకములో ఉండును. 25కు 1 అని ఉన్నచో లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల నూనె. 50కి 1 అని ఉన్నచో 20 మిల్లీలీటర్లు. ఇంటిలో రెండు రకముల యంత్రములు ఉన్నవారు రెండు డబ్బాలు వేరుగా ఉంచి, నూనె కలిపిన డబ్బాకు ఎర్ర రంగు పూయుట మంచిది. ఇకముందు చెప్పునది ముఖ్యముగా నాలుగు స్ట్రోకుల యంత్రమును గూర్చి.

2. ఇంజను నూనె

క్రొత్త యంత్రములు చాలవరకు కంపెనీ నుండి నూనె లేకయే వచ్చును. పెట్టె విప్పి, పెట్రోలు పోసి, తాడు లాగినచో ఇంజను రాజుకొనును, రైతు సంతోషించును, కొద్దిసేపటికే లోపలి భాగములు ఒరసికొని పట్టివేయును. ఇట్టి నష్టమునకు గ్యారంటీ కూడ వర్తింపదు. కావున దుకాణదారు పోసితినని చెప్పినను మీ కంటితో చూచిన పిమ్మటనే నడుపుడు.

చూచు విధానము: యంత్రమును సమతలముగా ఉన్న గచ్చుపై నిలుపుడు. ఒరిగి ఉన్న యంత్రములో కొలత తప్పును. నూనె మూత విప్పి, దానికున్న పుల్లను గుడ్డతో తుడిచి, తిరిగి లోపల ఉంచి తీసి చూడుడు. చాల ఇంజనులలో ఈ పుల్లను మరలు బిగింపక ఊరక ఆనించి చూడవలెను. బిగించి చూచినచో నూనె ఉన్నదానికన్న ఎక్కువగా కనబడును. నూనె పై గీతకు దగ్గరగా ఉండవలెను. 160 సి.సి. ఇంజనుకు పట్టు నూనె సుమారు 600 మిల్లీలీటర్లు మాత్రమే. ఇంత తక్కువ నూనెతో నడచు ఇంజనులో గ్లాసెడు తగ్గినను ప్రమాదమే. గీతకు మించి పోయుట కూడ మంచిది కాదు. పొగ వచ్చును, ఎయిర్ ఫిల్టరు తడియును.

నూనె రకము పుస్తకములో చెప్పినదే వాడవలెను. మోటారు సైకిలు నుండి తీసిన నల్లని నూనెను పొదుపు పేరిట పోయరాదు. క్రొత్త ఇంజనుకు మొదటి 20 గంటల పని కాగానే నూనె మార్చవలెను. క్రొత్త భాగములు ఒరసికొనుటచే రాలిన లోహపు పొడి ఆ నూనెలో ఉండును. అటు తరువాత 100 గంటలకు ఒకసారి, లేక ఆరు నెలలకు ఒకసారి, ఏది ముందైన అప్పుడు మార్చవలెను.

ఈ 20 గంటలు ఎప్పటికి నిండునో లెక్క వేయుదము. ఎకరము 4,047 చదరపు మీటర్లు. సాలుకు సాలుకు 60 సెంటీమీటర్లు ఉన్నచో ఎకరములోని సాళ్ల మొత్తము పొడవు సుమారు 6,745 మీటర్లు, అనగా ఆరున్నర కిలోమీటర్లకు మించిన నడక. గంటకు ఒకటిన్నర కిలోమీటరు చొప్పున నడచినచో నాలుగున్నర గంటలు. మలుపులు, విరామములు కలిపి అయిదు గంటలు. రెండెకరముల రైతు రెండు సార్లు కలుపు తీసినచో 20 గంటలు నిండినవి. మొదటి సీజను ముగియక మునుపే మొదటి నూనె మార్పు రావలెనన్నమాట. తలుపు వెనుక ఒక కాగితము అంటించి, ప్రతి దినము నడిపిన గంటలు వ్రాసికొనుడు.

రోటరునకు శక్తినిచ్చు గేరు పెట్టెలో వేరు నూనె ఉండును. దాని స్థాయిని కూడ చూడుడు. పెట్టె క్రింద నేలపై నూనె మరకలు కనబడినచో సీలు పోయినదని గ్రహించి, సీలు మార్పించిన తరువాతనే చేలోకి దింపుడు.

3. పెట్రోలు

మన దేశములో 2023 ఫిబ్రవరి నుండి 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు అమ్మకము మొదలై, బంకులన్నిటికి వ్యాపించినది. ప్రతి దినము నడచు వాహనములో పోసిన పెట్రోలు నాలుగు దినములలో ఖర్చగును. కలుపు యంత్రము సంగతి వేరు. దీని పని కొన్ని వారములే. తక్కిన నెలలు మూలనే. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ మితిమీరినచో నీరు, ఇథనాలు కలిసి ట్యాంకు అడుగునకు దిగును. ఇంజనుకు పోవు గొట్టము అడుగు నుండియే బయలుదేరును గనుక మొదట పోవునది ఈ నీరే. పాతబడిన పెట్రోలు కార్బురేటరులో ఆరి, జిగురువలె అంటుకొని, సన్నని రంధ్రములను మూసివేయును.

కావున పాటించవలసిన నియమములు ఇవి:

నెల దాటిన పెట్రోలు యంత్రములో ఉంచరాదు. ఏ పూటకు కావలసినది ఆ పూటకే తెచ్చుకొనుడు. ఈ ఇంజనులు గంటకు లీటరుకు అటు ఇటుగా త్రాగును. అయిదు గంటల పనికి అయిదారు లీటర్లు చాలును.

గత సీజను పెట్రోలు మిగిలి ఉన్నచో తెల్లని గాజు సీసాలోనికి కొద్దిగా దింపి చూడుడు. అడుగున వేరు పొరగాని, నీటి బొట్లుగాని కనబడినచో అంతయు తీసివేసి క్రొత్తది పోయుడు. కార్బురేటరు అడుగుననున్న చిన్న బోల్టు వదలు చేసి, అందులో నిలిచినది కూడ దింపివేయుడు.

రబ్బరు గొట్టమును వంచి చూడుడు. పగుళ్లు కనబడినను, జిగటగా తగిలినను మార్చుడు.

పెట్రోలును ఇనుప డబ్బాలో గట్టి మూతతో ఉంచవలెను. నీళ్ల సీసాలలో ఉంచుట ప్రమాదము. పిల్లలు మంచినీరనుకొని త్రాగుదురు. వేడిగా ఉన్న ఇంజనుపై పోయరాదు. పోయునప్పుడు దగ్గరలో బీడీ, చుట్ట, పొయ్యి ఉండరాదు. ట్యాంకు అంచుల వరకు నింపక వ్రేలెడు చోటు విడువుడు. ఒలికినచో తుడిచి, ఆరిన పిమ్మటనే ఇంజను రాజేయుడు.

4. ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు

మన చెల్క నేలలలో యంత్రము నడచినంతసేపు సన్నని ఎర్ర దుమ్ము లేచును. ఆ దుమ్ము ఇంజను లోపలికి పోయినచో ఆకురాయి వలె సిలిండరును అరగదీయును. దానిని ఆపునది ఎయిర్ ఫిల్టరు ఒక్కటే. పుస్తకములలో సాధారణముగా 50 గంటలకు ఒకసారి శుభ్రము చేయమని వ్రాసి ఉండును. దుమ్ము చేలలో ప్రతి దినము మూత తీసి చూచుట మేలు.

స్పాంజి ఫిల్టరును సబ్బు నీటిలో పిండి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, నాలుగు చుక్కల ఇంజను నూనె పట్టించి, అదనపు నూనె పిండివేసి తిరిగి పెట్టవలెను. కాగితపు ఫిల్టరును నీటిలో ముంచరాదు. గట్టి చోట మెల్లగా తట్టి దుమ్ము రాల్చవలెను. చినిగినది మార్చవలెను. ఫిల్టరు తీసివేసినచో ఇంజను చురుకుగా తిరుగునని కొందరు అందురు. ఆ చురుకుదనమునకు సిలిండరునే వెలగా చెల్లింపవలసి వచ్చును.

ప్లగ్గు విప్పి కొన చూడుడు. లేత గోధుమ రంగులో ఉన్నచో ఇంజను ఆరోగ్యముగా ఉన్నది. పొడి మసి పట్టి నల్లగా ఉన్నచో చోకు తెరువలేదు, లేక ఫిల్టరు మూసికొనిపోయినది. నూనెతో తడిసి ఉన్నచో నూనె ఎక్కువైనది, లేక రింగులు అరిగినవి. కొనల నడుమ సందు చాల ఇంజనులలో 0.7 నుండి 0.8 మిల్లీమీటరు ఉండవలెను. కొలత రేకు లేనిచో ఇనుము కోయు రంపపు బ్లేడును వాడవచ్చును. దాని మందము సుమారు 0.65 మిల్లీమీటరు. అది సందులో దూరి కొంచెము వదులుగా కదలినచో సరిపోవును. ప్లగ్గును మొదట చేతితోనే మరలలో ఎక్కించి, చివర మాత్రమే పానాతో బిగింపుడు. మొదటినుండి పానా వేసినచో అల్యూమినియపు మరలు పాడగును.

5. బెల్టు, క్లచ్చి తీగ

ఇంజను శక్తి రోటరునకు బెల్టు ద్వారా పోవు యంత్రములలో బెల్టు బిగువు చూడవలెను. క్లచ్చి లివరు నొక్కి పట్టినప్పుడు రెండు పుల్లీల నడుమ బెల్టును బొటనవ్రేలితో నొక్కినచో వ్రేలి వెడల్పులో సగమునకు మించి దిగరాదు. అంచులు పీచులు లేచినను, పగుళ్లు వచ్చినను మార్చుడు.

క్లచ్చి తీగను సరిదిద్దుట ఈ సిద్ధతలోని ముఖ్యమైన పని. ఇందులో రెండు తప్పులు రావచ్చును. తీగ వదులైనచో లివరు పూర్తిగా నొక్కినను నేల గట్టిగా తగిలినప్పుడు రోటరు జారును. బెల్టు కాలిన వాసన వచ్చును. తీగ మరీ బిగిసినచో లివరు విడిచినను రోటరు ఆగదు. మొదటి దానివలన బెల్టు పోవును, రెండవ దానివలన కాలు పోవును. లివరు కొనవద్ద కొద్దిపాటి వదులు ఉండునట్లు తీగపై ఉన్న నట్టును త్రిప్పి, రెండవ నట్టుతో బిగింపుడు.

చేయి విడువగానే రోటరు ఆగవలెనన్నదే ఆ లివరు పెట్టుటకు కారణము. చేయి నొప్పి పుట్టుచున్నదని లివరును తాడుతోగాని, సైకిలు ట్యూబుతోగాని కట్టివేయువారు ఉన్నారు. అట్లు చేసినవాడు కాలు జారి పడినప్పుడు యంత్రము ఆగదు, అతనిపైకే రావచ్చును. చేయి నొచ్చినచో గట్టుపై పది నిమిషములు కూర్చుండుటయే దానికి మందు.

6. రోటరు కత్తులు

కత్తులు కుడివి, ఎడమవి వేరుగా ఉండును. పదునైన అంచు రోటరు తిరుగు దిక్కునకు ముందుండవలెను, అనగా నేలను మొదట తాకునది పదునే కావలెను. తలక్రిందులుగా బిగించినచో కత్తి కోయదు, నేలను కొట్టును; యంత్రము ఎగిరెగిరి పడును, చేతులు అదరును. యంత్రము ఎగురుచున్నదని వచ్చు ఫిర్యాదులలో మొదట చూడవలసినది ఇదే.

ప్రతి బోల్టును పానాతో తాకి చూడుడు. మొదటి గంట పని తరువాత మరల ఒకసారి బిగింపుడు. క్రొత్త బోల్టులు మొదటి గంటలోనే వదులగును. కత్తి వెడల్పు అరిగి సగమైనచో మార్చుడు. ఒక కత్తి మార్చునప్పుడు దానికి ఎదురుగా ఉన్నది కూడ మార్చినచో తూకము తప్పదు.

కొన్ని నమూనాలలో రోటరును ఇరుసునకు కలుపు పిన్ను కావలెననియే మెత్తని ఇనుముతో చేయబడి ఉండును. రాయి తగిలినప్పుడు పిన్ను తెగి గేరు పెట్టెను కాపాడును. అది తెగినదని దాని చోట గట్టి మేకునో, ఉక్కు బోల్టునో దిగగొట్టరాదు. పిన్ను బలహీనముగా ఉండుటయే దాని పని. అటువంటివి నాలుగు కొని పనిముట్ల సంచిలో ఉంచుకొనుడు.

7. వెడల్పు, లోతు సరిదిద్దుట

రోటరు వెడల్పు సాలు వెడల్పుకన్న 20 సెంటీమీటర్లు తక్కువగా ఉండవలెను. మొక్కకు ఇరువైపుల 10 సెంటీమీటర్ల చొప్పున చోటు విడువవలెను. 60 సెంటీమీటర్ల సాళ్లకు 40 సెంటీమీటర్ల రోటరు సరిపోవును. మొక్కలు గుబురుగా పెరిగిన పిమ్మట వెలుపలి కత్తులను రెండు వైపుల సమానముగా తీసి వెడల్పు తగ్గింపవలెను. ఒక వైపే తీసినచో యంత్రము ప్రక్కకు లాగును. మొక్కల వైపు ఉండు రేకు చక్రములను తప్పక తిరిగి బిగింపుడు.

కలుపు తీయుటకు 3 నుండి 5 సెంటీమీటర్ల లోతు చాలును. అంతకు మించినచో పైరు వేళ్లు తెగును. అడుగున నిద్రించుచున్న కలుపు గింజలు పైకి వచ్చి మరల మొలచును. లోతును నిర్ణయించునది వెనుకనున్న కడ్డీ. దానిని క్రిందికి దింపినచో యంత్రము నిదానించి లోతుగా త్రవ్వును. పైకెత్తినచో పైపైన త్వరగా నడచును. గట్టువద్ద పది అడుగులు నడిపి, వ్రేలితో లోతు కొలిచి, కడ్డీని సరిదిద్దిన తరువాతనే సాలులోకి దిగుడు. రవాణా చక్రమును పైకెత్తి కట్టుట మరువకుడు.

8. నేలను సిద్ధము చేయుట

పిడికెడు మట్టి పిసికి ఉండ చేసి, నడుము ఎత్తు నుండి విడువుడు. పగిలి పొడియైనచో పదును సరిగా ఉన్నది. అతుక్కొని ఉన్నచో ఆగుడు. చెల్క నేలలలో వాన వెలసిన ఒకటి రెండు దినములకు, నల్లరేగడిలో మరి రెండు మూడు దినములకు పదును కుదురును. తడిలో నడిపినచో మట్టి కత్తులకు చుట్టుకొనును, నేల గట్టిపడును.

హైదరాబాదు చుట్టుప్రక్కల చేలలో నల్లరాతి గుండ్లు, గులకరాళ్లు ఎక్కువ. భవనముల పని జరిగిన చోట్లకు దగ్గరనున్న చేలలో ఇనుప చువ్వలు, తీగలు, సిమెంటు పెళ్లలు కూడ దొరకును. సాలు వెంట ఒకసారి నడచి ఏరివేయుడు. రోటరు తాకిన రాయి తుపాకి గుండువలె వచ్చును. డ్రిప్పు పైపులను ప్రక్కకు తీసి సాలు అంచున పెట్టుడు. లేనిచో రోటరు వానిని చుట్టలు చుట్టివేయును.

తుంగ, గరిక పట్టిన చోట యంత్రము నడుపరాదు. తుంగ గడ్డలను, గరిక వేరుకాండములను కత్తులు ముక్కలు చేసి చేనంతటికి చల్లును. ఒక్కొక్క ముక్క ఒక మొక్కగా లేచును. ఆ జాగాలను గునపముతో త్రవ్వి, ఏరి, ఎండబెట్టవలెను. యంత్రమును ఒక చేని నుండి మరొక చేనికి తీసికొనిపోవునప్పుడు కత్తులకు అంటిన వేళ్లను శుభ్రము చేయుడు. బాడుగ యంత్రముల విషయములో ఇది మరింత అవసరము.

9. రాజేయుట

ఇప్పుడు ప్లగ్గు టోపీ తిరిగి తొడుగుడు. పంచె, లుంగీ, కండువా, చీర కొంగు రోటరునకు దగ్గరగా రారాదు. పైజామాగాని ప్యాంటుగాని ధరించి, గట్టి బూట్లు, కండ్లద్దాలు వేసికొనుడు. చెవులలో దూది కన్న శబ్దమును ఆపు చెవి మూతలు మేలు. పిల్లలను, పశువులను దూరముగా ఉంచుడు.

పెట్రోలు కుళాయి తెరచి, చల్లని ఇంజనైనచో చోకు మూసి, వేగపు లివరు మూడవ వంతు తెరచి, స్విచ్చి వేయుడు. క్లచ్చి లివరు విడిచి ఉన్నదని చూచుకొనుడు. తాడును మెల్లగా లాగగా ఒకచోట బరువు తగులును. అక్కడనుండి ఒక్క ఊపున లాగుడు. పిడిని చేత పట్టుకొనియే వెనుకకు పోనిండు. రాజుకొనగానే చోకు కొద్దికొద్దిగా తెరచి, రెండు మూడు నిమిషములు నిదానముగా తిరుగనిండు.

తరువాత గట్టుపైననే ఒక పరీక్ష చేయుడు. క్లచ్చి నొక్కి రోటరును తిప్పి, చేయి విడువుడు. రోటరు ఆగినచో చేలోకి దిగుడు. ఆగనిచో ఇంజను ఆపి, తీగను మరల సరిదిద్దుడు.

10. కలుపు చుట్టుకొన్నప్పుడు

ఎంత సిద్ధము చేసినను వయ్యారిభామ కాడలు, పాత తాళ్లు, ప్లాస్టిక్కు రోటరునకు చుట్టుకొనక మానవు. వ్రేళ్లు పోవు ప్రమాదము పొంచి ఉండునది ఇక్కడనే.

మంచు కురియు దేశములలో ఇంటి ముందరి మంచును ఎత్తి విసరుటకు ఇటువంటి పెట్రోలు యంత్రములనే వాడుదురు. మన పల్లెలనుండి అమెరికా, కెనడాలకు పోయి స్థిరపడిన పిల్లలు వానిని ఎరుగుదురు. ఆ యంత్రములలో తడి మంచు అడ్డుపడినప్పుడు చేయి పెట్టి లాగుటవలన వ్రేళ్లు పోగొట్టుకొనువారు ఏటేట ఉందురు. వారిలో కొందరు ఇంజను ఆపిన తరువాతనే చేయి పెట్టినవారు. ఇంజను ఆగినను, అడ్డుపడిన కత్తిలోను బెల్టులోను బిగువు మిగిలియుండును. అడ్డు తొలగగానే కత్తి ఒక్కసారి విసురుగా తిరుగును. మన కలుపు యంత్రమునకు కూడ ఇదే సూత్రము.

కావున చుట్టుకొన్నప్పుడు ఇంజను ఆపి, కత్తులు పూర్తిగా నిలుచు వరకు ఆగి, ప్లగ్గు టోపీ తీసి, కొడవలితోగాని కర్రతోగాని కాడలను కోసి లాగుడు. చేయి పెట్టకుడు. ఇందుకు రెండు నిమిషములు పట్టును.

11. పాలీహౌసులో

మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములలో పూలు, కూరగాయలు పాలీహౌసులలో పండించువారు కలరు. మూసి ఉన్న చోట పెట్రోలు ఇంజను నడుపరాదు. దాని పొగలోని కార్బను మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తల తిరుగుట, వాంతి వచ్చినట్లుండుట దాని గురుతులు. వెలుపలికి రానిచో ప్రాణము పోవును. ప్రక్క తెరలు ఎత్తినను గాలి చాలునని చెప్పలేము. లోపలి పనికి బ్యాటరీ యంత్రముగాని, చేతితో నెట్టు చక్రపు గుంటకగాని వాడుడు. తలుపు మూసిన కొట్టములో ఇంజనును పరీక్షించుట కూడ ఇంతే ప్రమాదము.

12. సీజను ముగిసిన తరువాత

వచ్చే సీజను సిద్ధత ఈ సీజను చివరి దినముననే మొదలగును. ట్యాంకులోని పెట్రోలు తీసివేసి, కుళాయి మూసి, ఇంజను తనంతట తాను ఆగు వరకు నడుపుడు. కార్బురేటరు ఖాళీ అగును. వేడిగా ఉండగనే పాత నూనె దింపి క్రొత్తది పోయుడు. పాత నూనెను బావి దగ్గరగాని, కాలువలోగాని పారబోయక డబ్బాలో పట్టి మెకానిక్కు దుకాణములో ఇవ్వుడు. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయముల పరీవాహక ప్రాంతములో సేద్యము చేయువారు ఇది మరింత గుర్తుంచుకొనవలెను. ఆ నీరు నగరము త్రాగు నీరు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రములో ఒక చెంచా ఇంజను నూనె పోసి, తాడు రెండు మూడు సార్లు మెల్లగా లాగి, ప్లగ్గు తిరిగి బిగింపుడు. కత్తులను కడిగి, ఆరబెట్టి, నూనె పూయుడు. తడి తగలని చోట ఉంచి, పైన గోనె కప్పుడు.

గుర్తుంచుకొనవలసినవి

ప్రతి దినము: ఇంజను నూనె, ఫిల్టరు, కత్తుల బోల్టులు, చేయి విడిచినప్పుడు రోటరు ఆగుట.
క్రొత్త యంత్రమునకు మొదటి గంట తరువాత: బోల్టులు మరల బిగించుట.
క్రొత్త యంత్రమునకు 20 గంటలకు: మొదటి నూనె మార్పు.
ప్రతి 50 గంటలకు: ఫిల్టరు పూర్తిగా శుభ్రము చేయుట, బెల్టు చూచుట.
ప్రతి 100 గంటలకు, లేక ఆరు నెలలకు: నూనె మార్పు, ప్లగ్గు సందు సరిదిద్దుట.
నెల దినములు పని లేనప్పుడు: ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేయుట.

యంత్రము కొనునప్పుడే దుకాణదారుచేత ఈ పనులన్నియు మీ ఎదుట చేయించి, ఆ తరువాత మీ చేతితో ఒకసారి చేసి చూపుడు. యంత్రమును నడుపునది కూలి మనిషియైనచో అతనికి కూడ నేర్పుడు. ముఖ్యముగా లివరు కట్టరాదనియు, చుట్టుకొన్న కలుపును చేతితో లాగరాదనియు మొదటి దినముననే చెప్పుడు. సందేహము కలిగినచో మీ మండల వ్యవసాయ అధికారినిగాని, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రమునుగాని అడుగుడు. తొలకరి పడిన దినమున పానా వెదకుకొనుటకన్న, మబ్బు పట్టక మునుపే ఒక పూట కూర్చుండి యంత్రమును సరిచూచుట లాభము.